ఇంట్, ఫ్లోట్, బూల్: ఒక్క కాటా చీటీలో ఎన్ని తప్పులు దొర్లుతాయో

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మొదటి సెమిస్టర్ పిల్లల ప్రోగ్రాముల్లో లెక్క వరస చాలామందికి సరిగ్గానే ఉంటుంది. డేటా టైపు, అంటే విలువ ఏ రకందో చెప్పే మాట, దాని దగ్గర కొంప మునుగుతుంది: ఇంట్ (పూర్ణాంకం), ఫ్లోట్ (దశాంశం), బూల్ (అవును/కాదు). ఒకే కాటా చీటీ (సరుకు తూచి రాసిచ్చే చీటీ) లెక్క పట్టుకుని అన్ని టైపులూ ఇక్కడ విప్పుదాం. అనుభవం ఉన్నవాళ్లు కలపండి, తప్పుంటే దిద్దండి.

లెక్క ఇది. పలాస వైపు జీడి గింజల ధర 80 కిలోల బస్తాకి చెప్తారు. బస్తా 12,000 రూపాయలనుకోండి. ఇది లెక్క కోసం వేసుకున్న ధర, మార్కెట్టు ధర కాదు. రైతు తెచ్చిన సరుకు 558 కిలోలు తూగింది. కాయితం మీద అయితే 558ని 80తో భాగించి 12,000తో గుణిస్తాం, 83,700 రూపాయలు వస్తుంది.

అదే సి లో:

ఇంట్ బరువు = 558, ధర = 12000, మొత్తం;
మొత్తం = బరువు / 80 * ధర;

టర్బో సి లో (కోడుని మెషీన్ భాషలోకి మార్చే పాత కంపైలరు) దీనికి 6464 వస్తుంది. వరస మార్చి బరువు * ధర / 80 అని రాస్తే 141 వస్తుంది. అదే కోడు జీసీసీ అనే ఇప్పటి కంపైలరులో వేస్తే మొదటి వరసకి 72000, రెండో వరసకి 83700. ఒకే లెక్కకి నాలుగు జవాబులు, సరైనది ఒక్కటే. ఆ నాలుగూ ఎలా వచ్చాయో విడమరిచి చెప్పగలిగినవాడికి ఇంట్ అంటే ఏమిటో తెలిసినట్టే.

(కోడంతా ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. మెషీన్‌లో కీవర్డులు, ఫంక్షన్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

టెక్కలి రాయి

మాస్టారూ, ముందు 72000 సంగతి చెప్తాను, అది తేలిక. సి లో ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే వచ్చేదీ ఇంటే. 558 / 80 అంటే 6.975 కదా, ఆ 0.975 అక్కడికక్కడే రాలిపోతుంది, 6 మిగులుతుంది. 6 ఇంటు 12,000 అంటే 72,000. రైతుకి 11,700 రూపాయలు ఎగనామం. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుందేమో అనుకోవద్దు, 6.999 అయినా 6 చేసేస్తుంది.

ఇప్పుడు 6464. టర్బో సి పదహారు బిట్ల కంపైలరు. అందులో ఇంట్‌కి రెండే బైట్లు, అంటే -32,768 నుంచి 32,767 దాకానే పడుతుంది. రెండు బైట్లలో మొత్తం 65,536 అంకెలే ఉంటాయి. బండి మీటరు చివరికి వెళ్లి మళ్లీ సున్నా నుంచి తిరిగినట్టు ఇదీ తిరుగుతుంది. 72,000లోంచి 65,536 తీసెయ్యండి, 6,464.

141 కూడా అంతే. 558 ఇంటు 12,000 అంటే 66,96,000. అందులో 65,536 నూటరెండు సార్లు పోతుంది, 11,328 మిగులుతుంది. దాన్ని 80తో భాగిస్తే 141.6, ఇంట్ కాబట్టి 141.

ఇందులో అసలు ప్రమాదం ఏటంటే, ఎర్రరు రాదు. ప్రోగ్రాము చక్కగా నడిచి 141 చూపించి ఊరుకుంటాది.

మీ ల్యాబులో ఏ కంపైలరు ఉందో పేరు చూసి నమ్మొద్దు. సైజాఫ్(ఇంట్) ప్రింటు చెయ్యండి. 2 వస్తే పదహారు బిట్లు, 4 వస్తే ముప్పై రెండు. ముప్పై రెండైతే హద్దు 214,74,83,647. ఇంకో మాట, ఇలా మీటరు తిరిగినట్టు తిరుగుతుందని సి భాష నిబంధనలు హామీ ఇవ్వవు. సైన్డ్ ఇంట్ (మైనస్ అంకెలు కూడా పట్టే ఇంట్) హద్దు దాటి పొంగిపోతే ఏమైనా జరగొచ్చు అని వదిలేశాయి. టర్బో సి లో కనిపించేది ఆ కంపైలరు పద్ధతి మాత్రమే. జీసీసీలో ఆప్టిమైజేషన్ (కోడు వేగంగా నడిచేలా మార్చడం) పెడితే, పొంగిందో లేదో చూడ్డానికి మీరు రాసిన ఇఫ్‌నే అది ఎత్తేసే వీలుంది. అందుకని పొంగాక చూడొద్దు, గుణించక ముందే చూసుకోండి.

చంపావతి చుక్క (గజపతినగరం)

అన్నా, మొత్తం అనేదాన్ని లాంగ్ (నాలుగు బైట్ల ఇంట్) చేశాను. టర్బో సి లో ఇంకా 141 ఏ వస్తోంది. ఎందుకు?

టెక్కలి రాయి

తమ్ముడూ, ఎడమ పక్క వేరియబుల్‌ని మార్చావు. గుణకారం జరిగేది కుడి పక్కన. అక్కడ బరువూ ఇంటే, ధరా ఇంటే, కాబట్టి గుణకారం రెండు బైట్లలోనే జరిగి అక్కడే పొంగిపోయింది. ఆ పాడైన 141ని తీసుకెళ్లి పెద్ద డబ్బాలో పెట్టావంతే.

ఇలా రాయి:

మొత్తం = (లాంగ్)బరువు * ధర / 80;

ఒకటి లాంగ్ అయితే రెండోదీ లాంగ్‌గా మారి గుణకారం నాలుగు బైట్లలో జరుగుతుంది. (లాంగ్)(బరువు * ధర) అని మాత్రం రాయకు. బ్రాకెట్టు లోపల ముందే పొంగిపోతుంది, ఆ తర్వాత మార్చి లాభం లేదు.

ప్రింట్‌ఎఫ్‌లో %డి కాదు, %ఎల్‌డి పెట్టాలి. %డి పెడితే నాలుగు బైట్లలో రెండే చదివి చూపిస్తుంది. లెక్క సరిగ్గా వచ్చినా తెర మీద తప్పు కనబడుతుంది, నువ్వు ఫార్ములాలో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటావు. స్కాన్‌ఎఫ్‌లో కూడా అంతే. ఫ్లోట్ చదవడానికి %ఎఫ్, డబుల్ (రెట్టింపు బైట్ల ఫ్లోట్) చదవడానికి %ఎల్‌ఎఫ్. ప్రింటు చేసేటప్పుడు రెండింటికీ %ఎఫ్ సరిపోతుంది, చదివేటప్పుడు సరిపోదు. వైవాలో (నోటి పరీక్షలో) అడుగుతారు కూడా.

చంపావతి చుక్క

83700 వచ్చింది అన్నా.

కోట జంక్షన్ (విజయనగరం)

టైపు పేర్లు బట్టీ పట్టడం కన్నా ముందు ఒక అలవాటు చేసుకోవాలి. చీటీలో ప్రతి గడికీ ఒక ప్రశ్న వెయ్యండి: ఇది లెక్కపెట్టేదా, కొలిచేదా, అవును కాదు అని తేల్చేదా, లేక అంకెలతో రాసిన పేరా?

బస్తాలు లెక్కపెడతాం. ఏడు బస్తాలు ఉంటాయి గానీ ఏడుంపావు బస్తాల గోనెలు ఉండవు. కాబట్టి ఇంట్. బరువు కొలుస్తాం, కాటా 558.4 చూపిస్తుంది. డబ్బు ఇచ్చారా లేదా అన్నది బూల్. నాలుగో రకం దగ్గరే పిల్లలు ఎక్కువ బోల్తా పడతారు. ఫోను నంబరు, పిన్ కోడు, ఎస్‌టీడీ కోడు, హాల్ టికెట్ నంబరు. ఇవి అంకెల్లా కనిపించే పేర్లు. రెండు పిన్ కోడులు కూడి ఎవరూ ఏమీ సాధించరు. కూడిక, తీసివేత అర్థం లేనిది ఏదైనా స్ట్రింగ్‌గానే (అక్షరాల వరసగానే) పెట్టండి.

ఇంట్ పెడితే ఏమవుతుందో చూడండి. శ్రీకాకుళం పిన్ 532001 టర్బో సి ఇంట్‌లో వేస్తే 7713 అయిపోతుంది. విజయనగరం 535002 వేస్తే 10714. మొబైలు నంబరు పది అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతుంది, అంటే కనీసం 600 కోట్లు. ముప్పై రెండు బిట్ల ఇంట్‌కే పట్టదు.

ఎస్‌టీడీ కోడుది ఇంకో రకం తిప్పలు. శ్రీకాకుళానిది 08942, మనది 08922. పైథాన్‌లో ఇంట్("08942") అంటే 8942 వస్తుంది, ముందున్న సున్నా పోతుంది. కోడులో నేరుగా 08942 అని రాస్తే పైథాన్ 3 సింటాక్స్ ఎర్రరు ఇస్తుంది. సి లో అయితే సున్నాతో మొదలైన అంకెని అష్టాంశ పద్ధతిలో చదువుతుంది. 010 అని రాస్తే దాని విలువ 8. ఇక 08942లో 8, 9 ఉన్నాయి, అష్టాంశంలో ఆ అంకెలే లేవు కాబట్టి ఎర్రరు. అదృష్టం, ఎర్రరైనా వస్తుంది. 010 దగ్గర అదీ రాదు.

జీడితోట (పలాస)

అక్కా, నాలుగు ప్రశ్నలూ బాగున్నాయి. బరువు దగ్గర మాత్రం ఒకటి చెప్పాలి. కొలిచేదంతా ఫ్లోట్ అనెయ్యకండి. కాటా చూపించేది 558.4 కిలోలు, సరే. అది గ్రాముల్లో 5,58,400. కాటాకి అంతకంటే సన్నంగా తూచే శక్తి లేనప్పుడు గ్రాముల్లో ఇంట్ పెట్టుకుంటే తేడా అన్నదే రాదు. డబ్బు కూడా పైసల్లో ఇంట్. తెర మీద చూపించేటప్పుడే కిలోలు, రూపాయలు చెయ్యాలి.

రాజాం రాట్నం

ఇది అతి జాగ్రత్త అనిపిస్తోంది. డబుల్‌లో పదిహేను అంకెల దాకా ఖచ్చితం ఉంటుంది. జీడి చీటీకి పైసల తేడా కూడా రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి గ్రాములు, పైసలు అంటూ మార్పులు పెడితే అసలు లెక్కే మర్చిపోతారు.

జీడితోట

రాట్నం గారూ, పైథాన్ తెరిచి ఇది వెయ్యండి:

ప్రింట్(19.99 * 100)
ప్రింట్(ఇంట్(19.99 * 100))

మొదటిదానికి 1998.9999999999998 వస్తుంది. రెండోదానికి 1998. పైసల్లోకి మార్చబోయి ఒక పైస పోయింది. 0.29 * 100 కూడా ఇంతే, 28.999999999999996 వచ్చి ఇంట్ చేస్తే 28 అవుతుంది. అసలు తేడా పదహారో అంకె దగ్గర ఉంది, మీరన్నది నిజమే. కానీ ఇంట్() కోత కోస్తుంది, సవరించదు. ఆ పిసరంత తేడా కోతలో పూర్తి పైస అయింది.

రౌండ్(19.99 * 100) అంటే 1999 వస్తుంది. అక్కడికి సరిపోతుంది గానీ రౌండ్ కూడా మనం బళ్లో నేర్చుకున్నట్టు చెయ్యదు. రౌండ్(2.5) అంటే 2, రౌండ్(3.5) అంటే 4. సరిగ్గా మధ్యలో ఉంటే దగ్గరి సరి సంఖ్యకి పోతుంది. రౌండ్(2.675, 2) అంటే 2.68 రాదు, 2.67 వస్తుంది. ఇక్కడ కారణం వేరు. 2.675 అని మీరు రాసినది లోపల 2.67499999... గా ఉంది, కాబట్టి అది మధ్యలో లేనే లేదు.

నాగావళి గట్టు

అలా ఎందుకుంటుందో చెప్పకపోతే పిల్లలు దీన్ని పైథాన్ లోపం అనుకుంటారు. కాదు.

ఒకటిని మూడుతో భాగిస్తే దశాంశాల్లో 0.3333 అంటూ తెగదు. మూడోవంతుని పది పద్ధతిలో ఎక్కడో కత్తిరించక తప్పదు. మెషీను రెండు పద్ధతిలో రాస్తుంది. అందులో సగం, పావు, అరపావు తెగుతాయి. పదోవంతు తెగదు. 0.1ని బైనరీలో రాస్తే 0.000110011001100110011... అని 0011 తిరుగుతూనే ఉంటుంది. డబుల్‌లో దానికి 53 బిట్లు, అక్కడ కత్తిరించి సవరిస్తారు. లోపల మిగిలేది 0.1000000000000000055511... అందుకే 0.1 + 0.2 కి 0.30000000000000004 వస్తుంది, 0.3తో సమానమా అంటే ఫాల్స్ అంటుంది. సి, జావా, జావాస్క్రిప్ట్, ఎందులో డబుల్ వాడినా ఇదే, ఎందుకంటే అన్నీ ఐఈఈఈ 754 అనే ఒకే ప్రమాణం పాటిస్తాయి. అది 1985లో వచ్చింది.

చిన్న తేడా కదా అని వదిలేస్తే అది పోగుపడుతుంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ, వస్తున్న స్కడ్ క్షిపణిని అందుకోలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఆ కంప్యూటరు సమయాన్ని సెకనులో పదోవంతుల్లో లెక్కపెట్టి, 24 బిట్లలో కత్తిరించిన 0.1తో గుణించేది. ఒక్కో పదోవంతుకి తేడా 0.000000095 సెకను. వ్యవస్థ వంద గంటలుగా ఆపకుండా నడుస్తోంది, అంటే 36 లక్షల పదోవంతులు. గుణించండి, 0.34 సెకను. ఆ వేగంతో వచ్చే క్షిపణి అంతలో అర కిలోమీటరు పైగా దాటిపోతుంది.

చంపావతి చుక్క

మాస్టారూ, ఎక్స్ అనేదాన్ని 0.0తో మొదలెట్టి 0.1 చొప్పున పెంచుతూ, 1.0 కానంతసేపూ తిరగమని వైల్ రాశాను. ఆగట్లేదు. ఇదేనా కారణం?

నాగావళి గట్టు

అదే బాబూ. పదిసార్లు 0.1 కలిపితే 0.9999999999999999 వస్తుంది, 1.0 కాదు. తర్వాతిసారి 1.1 దగ్గరికి దాటిపోతుంది. సమానం ఎప్పుడూ అవదు, లూపు ఎప్పటికీ ఆగదు. తిరగడం ఇంట్‌తో లెక్కపెట్టు, విలువ కావాల్సినచోట ఐ / 10 వేసుకో.

రెండు ఫ్లోట్లు పోల్చాలంటే == వద్దు. వాటి మధ్య తేడా ఎంతో చూసి, నీకు పట్టని చిన్న అంకె కంటే తక్కువైతే సమానం అనుకో. పైథాన్‌లో మ్యాథ్ మాడ్యూల్‌లో ఈజ్‌క్లోజ్ అని ఉంది. సున్నాతో పోల్చేటప్పుడు మాత్రం దానికి ఏబీఎస్_టాల్ విలువ (ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో) విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే సున్నాకి ఎంత దగ్గరున్నా ఫాల్స్ అంటుంది.

కోట జంక్షన్

ఒక చిన్న కలుపు. అదే పది 0.1లను పైథాన్ 3.12 లేదా ఆపై వెర్షన్‌లో సమ్() ఫంక్షన్‌కి ఇస్తే 1.0 వస్తుంది. ఆ వెర్షన్ నుంచి సమ్ ఫ్లోట్లను కూడేటప్పుడు పోయిన పిసర్లను విడిగా దాచి కలుపుతోంది. ల్యాబులో ఒక సిస్టంలో 1.0, పక్క సిస్టంలో 0.9999999999999999 కనిపిస్తే గాబరా పడకుండా వెర్షన్ చూడండి. ఫర్ లూపుతో కలిపితే మాత్రం ఏ వెర్షన్‌లోనైనా పాత జవాబే.

రాజాం రాట్నం

19.99 వేసి చూశాను. డబ్బు దగ్గర జీడితోట గారి మాటే సరైనది, ఒప్పుకుంటున్నాను. కానీ ఫ్లోట్ అంటేనే భయపెట్టకండి. గది వేడి, రోజుల సగటు వర్షం, చెరువు లోతు, వృత్తం వైశాల్యం, వీటన్నింటికీ డబులే సరైనది. అక్కడ కొలతలోనే వందోవంతు తేడా ఉంటుంది, పదహారో అంకె గురించి బెంగ అక్కర్లేదు. ఎవరో ఒకరికి బాకీ పడేది, ఒకరి దగ్గర తీసుకునేది అయితే ఇంట్. ప్రకృతిలో కొలిచేది అయితే డబుల్.

జీడితోట

ఈ గీత బాగా గీశారు. సి లో రాసేవాళ్లు ఫ్లోట్, డబుల్ ఒకటే అనుకోవద్దు. ఫ్లోట్‌కి 24 బిట్లే. 1,67,77,216కి చేరాక ఒకటి కలిపినా అంకె కదలదు. పైసల్లో చూస్తే అది 1,67,772 రూపాయల 16 పైసలు. రోజు మొత్తం కొనుగోలు ఆపాటి దాటడం ఎంతసేపు? ఆ తర్వాత కలిపిన పైసలు కొన్ని గాలికి పోతాయి.

టెక్కలి రాయి

వైవా ప్రశ్న ఒకటి దీని మీదే. ఫ్లోట్ ఎఫ్ = 0.7; ఇఫ్ (ఎఫ్ == 0.7) అంటే ఎందుకు తప్పు అంటుంది? 0.7 అని ఊరికే రాస్తే అది డబుల్. ఎఫ్‌లో ఉన్నది 24 బిట్లకి కోసిన 0.7, సుమారు 0.69999999. రెండూ సమానం కాదు. 0.5 పెడితే సమానం అంటుంది, సగం రెండు పద్ధతిలో తెగుతుంది కాబట్టి.

జీడితోట గారి పైసల పద్ధతి సి లో చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. 5,58,400 గ్రాములు ఇంటు 12,00,000 పైసలు అంటే 67,008 కోట్లు. ముప్పై రెండు బిట్లకి పట్టదు, జీసీసీలో ఇంట్ పెట్టినా పొంగుతుంది. లాంగ్ లాంగ్ (ఎనిమిది బైట్ల ఇంట్) వాడండి. ఊరికే లాంగ్ అంటే 64 బిట్ల లినక్స్‌లో ఎనిమిది బైట్లు, విండోస్‌లో నాలుగే. టర్బో సి లో లాంగ్ లాంగ్ అసలు లేదు. అక్కడొక దారుంది. డబుల్‌లో పూర్ణాంకాలు 2 ఘాతం 53 వరకు, అంటే 9,007,199,254,740,992 వరకు, ఒక్కటి కూడా తేడా లేకుండా ఉంటాయి. దశాంశం పెట్టకుండా పైసలనే డబుల్‌లో పెట్టి, భాగించాక 0.5 కలిపి ఫ్లోర్ చెయ్యండి (కింది పూర్ణాంకానికి కొయ్యండి). డబుల్ తప్పు చేసేది భిన్నాల దగ్గర, పూర్ణాంకాల దగ్గర కాదు.

కోట జంక్షన్

బూల్ దగ్గరికి ఎవరూ రావట్లేదు. చిన్నదని చులకన చేస్తారు, తప్పులు మాత్రం దానిలోనే ఎక్కువ దాక్కుంటాయి. 1815లో ఇంగ్లండులో పుట్టిన జార్జ్ బూల్ పేరు మీద వచ్చింది. విలువలు రెండే, ట్రూ, ఫాల్స్. పైథాన్‌లో మొదటి అక్షరం పెద్దది ఉండాలి, చిన్నది పెడితే నేమ్ ఎర్రరు.

చీటీలో ఇలా రాస్తారు:

ఇచ్చారా = బూల్(ఇన్‌పుట్("డబ్బు ఇచ్చారా? "))

గుమస్తా "లేదు" అని కొడతాడు. ఇచ్చారా విలువ ట్రూ! "ఫాల్స్" అని కొట్టినా ట్రూ, "0" కొట్టినా ట్రూ. ఇన్‌పుట్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే. స్ట్రింగ్‌ని బూల్ చేస్తే అది అర్థం చూడదు, ఖాళీయా కాదా అనే చూస్తుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితేనే ఫాల్స్. ఒక్క ఖాళీ స్పేసు కొట్టినా ట్రూ. రైతుకి డబ్బు ముట్టకుండానే చీటీ మీద ముట్టినట్టు పడిపోతుంది.

ఇలా రాయాలి:

ఇచ్చారా = ఇన్‌పుట్("డబ్బు ఇచ్చారా? (1/0) ").స్ట్రిప్() == "1"

పోలిక ఫలితమే బూల్. బూల్() ఫంక్షన్‌తో అసలు పనే లేదు.

జీడితోట

అక్కా, అక్కడ ఇంకో మెలిక ఉంది. సగం ఇచ్చి సగం వారం తర్వాత అంటారు. అది ట్రూనా, ఫాల్సా? మూడో సంగతి రాగానే బూల్ చాలదు. ఇచ్చిన_పైసలు అని ఇంట్ పెట్టి, బాకీ_లేదు = ఇచ్చిన_పైసలు >= మొత్తం_పైసలు అని అప్పటికప్పుడు తేల్చుకోవాలి. లెక్కతో తేలేదాన్ని విడిగా దాచిపెట్టకూడదు. దాస్తే ఒకరోజు అంకె ఒకటి, బూల్ ఒకటి చెప్తాయి.

టెక్కలి రాయి

సి వాళ్లకి: టర్బో సి లో బూల్ లేదు. 1999 నాటి సి ప్రమాణంతో వచ్చింది, ఆ ప్రమాణంలో ఎస్‌టీడీబూల్ హెడరు కలపాలి. పాతదాంట్లో 0 అంటే కాదు, మిగతా ఏదైనా అవును. -1 కూడా అవునే. అందుకని == 1 అని పోల్చొద్దు.

ఇఫ్ (ఇచ్చారా = 1) అని ఒక్క గుర్తు పెడితే అది పోలిక కాదు, 1ని అందులో పెట్టేస్తుంది, ఎప్పుడూ అవునే. టర్బో సి దీనికి హెచ్చరిక చూపిస్తుంది, ఎర్రరు కాదు కదా అని దాటేస్తారు. దాటెయ్యకండి.

ఇఫ్ (10 < బరువు < 90) కూడా సి లో ఎప్పుడూ అవునే. ముందు 10 < బరువు తేలి 0 గానీ 1 గానీ అవుతుంది. ఏదైనా 90 కంటే తక్కువే కదా. పైథాన్‌లో మాత్రం ఇదే వాక్యం మనం అనుకున్నట్టు పనిచేస్తుంది.

రాజాం రాట్నం

పైథాన్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. ఇఫ్ రకం == 1 ఆర్ 2 అని రాస్తే ఎప్పుడూ నిజమే, ఎందుకంటే 2 ఒక్కటే నిలబడి అవును అంటుంది. రకం ఇన్ (1, 2) అని రాయండి.

యాండ్ బదులు & గుర్తు పెడితే మరీ మోసం. బరువు > 0 & బరువు < 100 అన్నారనుకోండి, బరువు 500. & పోలిక కంటే ముందు పనిచేస్తుంది. 0 & 500 అంటే 0. మిగిలింది 500 > 0 < 100. రెండూ నిజమే, ట్రూ! 500 కిలోల బస్తాని ఒప్పేసుకుంటుంది.

పనికొచ్చేది కూడా ఒకటి చెప్తాను. పైథాన్‌లో బూల్ అనేది ఇంట్‌లో ఒక రకమే. ట్రూ + ట్రూ అంటే 2. చీటీల్లో ఎన్నింటికి బాకీ తీరిందో కావాలంటే ఆ బూల్ జాబితాని సమ్()కి ఇస్తే చాలు. కానీ డిక్షనరీలో 1 ఒక తాళంచెవి (కీ), ట్రూ ఇంకో తాళంచెవి అనుకుంటే దెబ్బతింటారు. రెండూ ఒకటే, రెండోది మొదటిదాని విలువని చెరిపేస్తుంది.

చంపావతి చుక్క

ఇవన్నీ కలిపి చీటీ పైథాన్‌లో ఎలా రాయాలో చూపించండి మాస్టారూ.

నాగావళి గట్టు

ఫ్రమ్ డెసిమల్ ఇంపోర్ట్ డెసిమల్
కిలోలు = డెసిమల్(ఇన్‌పుట్("కిలోలు: ").స్ట్రిప్())
ధర = డెసిమల్(ఇన్‌పుట్("బస్తా ధర: ").స్ట్రిప్())
గ్రాములు = ఇంట్(కిలోలు * 1000)
ధర_పైసలు = ఇంట్(ధర * 100)
పైసలు = (గ్రాములు * ధర_పైసలు + 40000) // 80000
ప్రింట్(పైసలు // 100, "రూపాయలు", పైసలు % 100, "పైసలు")

558.4, 12000 ఇస్తే 83760 రూపాయలు 0 పైసలు రావాలి. డెసిమల్ పది పద్ధతిలోనే దాస్తుంది కాబట్టి 19.99 చెడదు. దానికి స్ట్రింగే ఇవ్వాలి. డెసిమల్(19.99) అని కోట్ గుర్తులు లేకుండా ఇస్తే అప్పటికే చెడిన ఫ్లోట్‌ని అంతే పొడవునా చూపిస్తుంది. 80000 అంటే బస్తాలో గ్రాములు, 40000 అందులో సగం. సగం కలిపి భాగిస్తే దగ్గరి పైసకి సవరించినట్టే. పైథాన్ ఇంట్‌కి హద్దు లేదు, పొంగదు.

12,000 అని కామా పెట్టి కొడితే డెసిమల్ ఒప్పుకోదు, ఎర్రరు వస్తుంది. కామా తీసేసి ఇవ్వాలి. తెలుగు అంకెలు ౫౫౮ అని కొడితే మాత్రం చక్కగా 558గా చదువుకుంటుంది, ఇంట్() కూడా అంతే. కోడు మధ్యలో ౫౫౮ రాస్తే కుదరదు.

జీడితోట

ఒకటి చూసుకోండి మాస్టారూ. సరుకు వెనక్కి పంపి మైనస్ చీటీ వేస్తే చివరి లైను తప్పుతుంది. పైసలు -150 అనుకోండి. పైథాన్‌లో // కిందికి దిగుతుంది, -150 // 100 అంటే -2. -150 % 100 అంటే 50. "-2 రూపాయలు 50 పైసలు" అని పడుతుంది, రావాల్సింది మైనస్ ఒకటిన్నర. సి లో అదే -1, -50 వస్తాయి.

నాగావళి గట్టు

నిజమే, దిద్దుతున్నాను. గుర్తుని విడిగా తీసుకుని, ఏబీఎస్(పైసలు) మీద // , % రెండూ చెయ్యాలి. పైన భాగహారానికి కూడా అంతే, మైనస్ బరువుకి ముందు ఏబీఎస్ తీసుకుని చివర గుర్తు తగిలించండి.

చంపావతి చుక్క

నా వేరియబుల్ పేర్లన్నీ తెలుగులోనే పెట్టాను. కిలోలు, ధర, పైసలు బాగానే ఉన్నాయి. "సరుకు_టైప్‌లు" అని పెట్టినదానికి మాత్రం ఇన్‌వాలిడ్ నాన్-ప్రింటబుల్ క్యారెక్టర్ అంటోంది. అక్షరాలన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి.

కోట జంక్షన్

కనిపించనిది ఒకటుంది తమ్ముడూ. పైథాన్ 3 తెలుగు పేర్లు ఒప్పుకుంటుంది. కానీ పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా కలిసిపోకుండా కీబోర్డు మధ్యలో ఒక కంటికి కనబడని గుర్తు వేస్తుంది. "టైప్" పొల్లుకీ "లు"కీ మధ్య అదే ఉంది. స్ట్రింగ్ లోపల ఉంటే పరవాలేదు, వేరియబుల్ పేరులో పనికిరాదు. కర్సరు "లు" ముందు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కు. "టైప్లు" అని ఒత్తు పడి కనిపిస్తే ఆ గుర్తు పోయినట్టే. చూడ్డానికి బాగోలేదనుకుంటే "సరుకు_రకాలు" అని పెట్టుకో, దానిలో పొల్లే లేదు.